‘నిల్’ రిపోర్టు

ప్రత్యేక సంచికకు చరిత్ర సంబంధమైనది ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు అడిగారు. రాజుల సంగతి, శాసనాల సంగతి వ్రాయగల పెద్దలు మనలో ఉన్నారు. నేను ముప్పయ్యేళ్లు పైగా ఫైళ్ల మధ్య బ్రతికినవాణ్ణి. ఒక కోర్టు కేసు సంగతి, దాని కింద నా చేత్తో నేను నింపిన ఒక కాలమ్ సంగతి వ్రాస్తాను.

2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గాకు వచ్చే మానసిక రోగులను ఉంచే ఒక ప్రైవేటు షెడ్డు అంటుకుంది. లోపలివారిలో చాలామంది కాళ్లకు గొలుసులున్నాయి. మంట కనిపిస్తున్నా లేచి పరుగెత్తలేకపోయారు. అక్కడికక్కడే 25 మంది, చివరికి మొత్తం 28 మంది పోయారు. పత్రికలో వచ్చిన వార్తనే పిటిషనుగా తీసుకుని సుప్రీంకోర్టు తనంతట తాను కేసు పెట్టుకుంది. రిట్ పిటిషను నెంబరు 334/2001.

అంతకుముందు కూడా ఇలాంటివి కాగితం ముక్క మీదనే మొదలయ్యాయి. అప్పటి బీహారులోని హజారీబాగ్ జైలులో పిచ్చివారని పెట్టినవాళ్లు కొందరు నయమైన తరువాత కూడా ఇరవై, ముప్పయ్యేళ్లు లోపలే ఉండిపోయారు. 1982లో అక్కడి ఉచిత న్యాయ సహాయ కమిటీ వారు జస్టిస్ భగవతి గారికి ఉత్తరం వ్రాస్తే దాన్నే కేసుగా విచారించి, నయమైనవారిని దారి ఖర్చులిచ్చి ఇళ్లకు పంపమన్నారు. వాళ్లనలా ఉంచింది జబ్బు కాదు, కదలని ఫైలు. అస్సాంలో మచాంగ్ లాలుంగ్ అనే ఆయన్ను 1951లో అరెస్టు చేసి తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రిలో పెట్టారు. 1967లోనే బాగున్నాడని డాక్టర్లు వ్రాశారు. ఇంటికి పంపవలసింది పోయి గౌహతి జైలుకు పంపారు. విచారణ లేదు, శిక్ష లేదు. బయటికి వచ్చింది 2005లో! యాభై నాలుగేళ్లు. సుప్రీంకోర్టు 3 లక్షల రూపాయలు, నెలకు 1,000 రూపాయల భృతి ఇప్పించింది. ఆ వెయ్యి రూపాయల మాట చదివినప్పుడు నాకు నా పెన్షను పుస్తకం చూసుకోబుద్ధి కాలేదు.

ఇక మన సంగతి. ఆ రోజుల్లో ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే "ఎర్రగడ్డ కేసురా" అని ఆఫీసులో నవ్వుకునేవాళ్లం. ఉమ్మడి రాష్ట్రానికి ఉన్నవి రెండే సర్కారు మానసిక ఆసుపత్రులు, ఒకటి విశాఖలో, ఒకటి ఎర్రగడ్డలో. దర్శి నుంచి రెండూ దూరమే. చేతిలో నాలుగు డబ్బులున్నవాళ్లు గుంటూరు పోయేవారు. లేనివాళ్లు తాయెత్తులు, మంత్రగాళ్లు, అనుమసముద్రంపేట దర్గా. అవీ అయిపోతే ఇంటి గొడ్ల సావిట్లో గొలుసు.

మా వీధి చివర ఒక వడ్రంగి ఇంట్లో రెండో కొడుకుకు అట్లాగే గొలుసు వేశారు. ఆ తల్లిని ఒకసారి అడిగాను. "కట్టెయ్యకపోతే వారం తిరక్కుండా సాగర్ కాలవలో తేలతాడన్నా. నేను కూలికి పోవద్దా?" అంది. ఆమెకు చెప్పడానికి నా దగ్గర మాట లేకపోయింది. గొలుసు వేసిన ప్రతివాడూ రాక్షసుడని కోర్టులకు దూరంగా కూర్చుని అనుకోవడం తేలిక.

2002 ఫిబ్రవరి 5న సుప్రీంకోర్టు ఏర్వాడి కేసులో ఉత్తర్వులిచ్చింది. మానసిక రోగులను ఉంచే సంస్థలను, రిజిస్టరు అయినా కాకపోయినా, ప్రతి రాష్ట్రమూ జిల్లాలవారీగా సర్వే చెయ్యాలి. గొలుసులు వెయ్యడం చట్టవిరుద్ధమని, రోగులను గుళ్లకు దర్గాలకు కాక డాక్టర్ల దగ్గరకు తీసుకుపోవాలని ముఖ్యంగా పల్లెల్లో ప్రచారం చెయ్యాలి. కొన్నాళ్లకు మా ఆఫీసుకు పైనుంచి ఒక ప్రొఫార్మా వచ్చింది. తపాలు నా సీటుకే పడింది. సంస్థ పేరు, యజమాని పేరు, లైసెన్సు ఉన్నదా, ఎందరు రోగులు. మా పరిధిలో అటువంటి సంస్థ లేదు. 'నిల్' అని వ్రాసి సంతకానికి పెట్టాను. సాయంత్రం టప్పాలో వెళ్లిపోయింది.

నా రిపోర్టు తప్పు కాదు. ఇంట్లో కట్టేసినవాడికి ఆ ప్రొఫార్మాలో కాలమ్ లేదు. కానీ ఆ సాయంత్రం ఇంటికి పోతూ ఆ వడ్రంగి ఇంటి ముందునుంచే నడిచాను.

రిటైరయ్యాక తీరికగా పాత చట్టాలు చదివాను. 1912 నాటి పిచ్చివారి చట్టం స్థానంలో 1987లో మానసిక ఆరోగ్య చట్టం చేశారు. అమలులోకి వచ్చింది 1993 ఏప్రిల్ 1న. మన డి.ఏ. బకాయిలు ఇంతకంటే నయం. దాని 25వ సెక్షను చూసి పుస్తకం మూసేశాను. మానసిక రోగిని బంధువులు బాధిస్తున్నా, పట్టించుకోకపోయినా స్టేషను అధికారి మెజిస్ట్రేటుకు తెలపాలి. మామూలు మనిషి ఎవరైనా కూడా తెలపవచ్చు. 2002లో అది అమలులోనే ఉంది. ఎవరైనా అంటే గుమాస్తా కూడా. ఒక తెల్లకాగితం, నాలుగు వాక్యాలు. నా జీతమే ఆ పనికి.

మెజిస్ట్రేటు పిలిపిస్తే ఆ తల్లి ఏమయ్యేదో అని అప్పుడు భయపడి ఉండేవాణ్ణేమో. ఏమో, ఇది ఇప్పుడు చెప్పుకునే సాకు కూడా కావచ్చు. చట్టం తెలిసి ఊరుకోలేదు. తెలుసుకోలేదు, అంతే.

2017 చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉంది. ఏ రూపంలోనూ గొలుసు వెయ్యరాదని 95వ సెక్షను. ఇలా బాధపడుతున్నవారు కనిపిస్తే పోలీసులకు తెలపడం ఇప్పుడు ఇష్టం కాదు, విధి అని 101వ సెక్షను. అయినా 2019లో ఉత్తరప్రదేశ్ బదాయూలో రోగులను గొలుసులతో కట్టారని సుప్రీంకోర్టు మళ్లీ మందలించవలసి వచ్చింది.

వడ్రంగి కొడుకును 2004లో వాళ్ల అన్న గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. మాత్రలు మొదలైన కొన్ని నెలలకు గొలుసు తీశారు. ఇప్పుడు అన్న దగ్గరే చిత్రిక పడుతుంటాడు. పోయిన సంక్రాంతికి మా ఇంటి తలుపు సరిచెయ్యడానికి వచ్చాడు. కింద కూర్చుని పని చేస్తుంటే పంచె పైకి జరిగి ఎడమ చీలమండ మీద గాజు వెడల్పున నల్లటి మచ్చ కనిపించింది. నేను చూడటం చూసి పంచె కిందికి లాక్కున్నాడు. "తలుపు ఇంక బిగుసుకోదులే పెదనాయనా" అన్నాడు.