ది సీక్రెట్ హిస్టరీ (నవల)

ది సీక్రెట్ హిస్టరీ అమెరికన్ రచయిత్రి డోనా టార్ట్ తొలి నవల. 1992 సెప్టెంబరులో న్యూయార్క్‌కు చెందిన నాఫ్ సంస్థ ప్రచురించింది. వెర్మాంట్ రాష్ట్రంలోని హాంప్డెన్ అనే కల్పిత కళాశాలలో ప్రాచీన గ్రీకు చదివే ఆరుగురు విద్యార్థుల కథ ఇది. వారిలో ఒకరిని మిగతావారే చంపుతారు.

నేపథ్యం

1963లో మిసిసిపీలోని గ్రీన్‌వుడ్‌లో పుట్టిన టార్ట్ వెర్మాంట్‌లోని బెన్నింగ్టన్ కళాశాలలో చదువుతూ ఈ నవల మొదలుపెట్టింది. హాంప్డెన్‌లో ఆ కళాశాల పోలికలు కనిపిస్తాయి. నవలను అక్కడ తనతోపాటు చదివిన రచయిత బ్రెట్ ఈస్టన్ ఎల్లిస్‌కు, మరో మిత్రుడికి అంకితమిచ్చింది.

కథ

కథ చెప్పేది రిచర్డ్ పేపెన్. కాలిఫోర్నియాలో తండ్రి పెట్రోలు బంకు నడుపుతాడన్న సంగతి దాచి, కలిగినింటి బిడ్డలా మసలుతుంటాడు. ఆచార్యుడు జూలియన్ మారో తాను ఏరుకున్న కొద్దిమందికే గ్రీకు చెబుతాడు. అతని దగ్గర చేరినవారికి మిగతా అధ్యాపకులతో దాదాపు పని ఉండదు. హెన్రీ, ఫ్రాన్సిస్, కవలలు చార్లెస్, కమిల్లా, అందరూ బనీ అని పిలిచే ఎడ్మండ్ అప్పటికే అతని శిష్యులు.

రిచర్డ్, బనీ తప్ప తక్కిన నలుగురూ ఒక రాత్రి అడవిలో గ్రీకు దేవుడు డయొనైసస్ పూనకం కోసం క్రతువు జరుపుతారు. ఒళ్ళు తెలియని ఆ స్థితిలో వారి చేతిలో ఒక రైతు చనిపోతాడు. సంగతి పసిగట్టిన బనీ సూటిపోటి మాటలతో వేధిస్తాడు. ఎప్పుడు నోరు జారతాడోనన్న భయంతో, అతను వాహ్యాళికి వచ్చే దారిలో కాపు కాస్తారు. ఇక్కడేం చేస్తున్నారని బనీ అడిగితే కొత్త ఫెర్న్ మొక్కల కోసం వచ్చామంటాడు హెన్రీ. ఆ తర్వాత అతణ్ణి లోయలోకి తోసేస్తారు.

కథన పద్ధతి

చచ్చిపోయిందెవరో, చంపిందెవరో ప్రస్తావనలోనే తెలిసిపోతుంది. అందుకే పాఠకుణ్ణి చదివించేది ‘ఎవరు’ అన్న ప్రశ్న కాదు, ‘ఎందుకు’ అన్నది. నవల రెండు భాగాలు: మొదటిది హత్య వరకూ నడుస్తుంది, రెండోది దాని పర్యవసానం చెబుతుంది. బనీ కాలుజారి పడ్డాడని అందరూ అనుకోవాలన్నది హెన్రీ పథకం. అకాలంగా కురిసిన మంచు శవాన్ని కప్పేయడంతో పది రోజులు గాలింపు సాగుతుంది. హంతకులూ వెతికేవారిలో కలుస్తారు, అంత్యక్రియలకూ వెళతారు. అక్కడ గోతిలో మట్టి వేసిన హెన్రీ, అదే చేతిని తన తెల్ల చొక్కాకు పులుముకుంటాడు. అందరికీ అందరూ తెలిసిన చిన్న క్యాంపస్‌లో రహస్యం మోయడమే వారికి శిక్షవుతుంది.

ఆదరణ

తొలి ముద్రణే 75,000 ప్రతులు. నవల విస్తృతంగా అమ్ముడైంది. పాత గ్రంథాలయాలు, ప్రాచీన భాషలు, నేరం కలగలిసిన ‘డార్క్ అకాడెమియా’ ధోరణికి దీన్నే మూలగ్రంథంగా చెబుతారు. టార్ట్ మూడో నవల ది గోల్డ్‌ఫించ్‌కు 2014లో పులిట్జర్ బహుమతి లభించింది.