కథయు, పరిచర్యయు

పెన్నయొడ్డున జమ్మలమడుగునందు లండను మిషనువారు పందొమ్మిదవ శతాబ్ది తుదిని నెలకొల్పిన క్యాంబెల్ ఆసుపత్రి కడప మండలమునకు నూతనవైద్యమును దెచ్చిన సంస్థలలో నొకటి. ప్రొద్దుటూరు, పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతముల పల్లెలనుండి యట్టి యాసుపత్రికి వచ్చు రోగి యొంటరిగా రాడు. ఇంటి యాచారమును, పెద్దల మాటయు, అప్పుల దిగులును వానివెంట వచ్చును. వీనిని నర్సుకు నేర్పుట యెట్లు?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఫ్లారెన్సు నైటింగేలు 1859లో రచించిన పరిచర్యాగ్రంథమున వట్టి సూత్రములు చెప్పి యూరకుండలేదు. కిటికీనుండి బయటికి జూడ వీలులేక, గోడచెక్కల ముడులనే చూచుచు వేదనపడిన జ్వరరోగులను గూర్చి చెప్పెను. తాను జ్వరపడియున్నప్పుడు వచ్చిన యడవిపూల గుత్తి తన కెంత మేలుచేసెనో చెప్పెను. 1860లో లండను సెయింట్ థామస్ ఆసుపత్రియందు ఆమె పేర నర్సుల పాఠశాల వెలసెను.

అయినను ఆమె కథనే లోకము సగము చెప్పుకొన్నది. స్కుటారి సైనికాసుపత్రిలో రాత్రివేళ దీపము బూని తిరిగిన యామెను ఎల్లరు నెరుగుదురు. 1855 మార్చిలో వచ్చిన ఆరోగ్యసంఘమువారు మురుగుకాలువలు కడిగించి, గదులకు గాలి వచ్చునట్లు చేసిన పిమ్మట అచ్చటి మరణములు మిక్కిలి తగ్గెనని యెరిగినవారు కొందరే. యుద్ధానంతరమున నైటింగేలే యీ సత్యమును అంకెలతో నిరూపించెను. కావున కారణమును విడిచి కరుణను మాత్రమే చెప్పు కథ పాఠము కానేరదు.

మన యిండ్లలోని సంగతినే చూడుడు. బాలింత దాహమని యడుగుచుండును. పథ్యము చెడునని అత్తగారు నీరియ్యదు. నీరు కావలెనని పుస్తకమున జదివిన నర్సు అత్తగారిని కసరి పంపును. ఆ రాత్రియే ముసలమ్మ తన ముంత తీసి దాచును. ఇట్టి కథ ముందే విన్న విద్యార్థిని మొదట ఆమె భయమేమో యడుగును. కాచి చల్లార్చిన నీటిని ఆమె చేతులమీదుగనే ఇప్పించును.

ఇట్లు చెప్పునపుడు రోగి పేరును, ఊరును దాచవలెను. ఉపాధ్యాయిని తన పొరపాటును దాచరాదు. పురాణకాలక్షేపముల వలన ధర్మము నేర్చిన మన పల్లెలకు ఈ మార్గము పరాయిది కాదు. పరిచర్య తక్కువపని యని మన బిడ్డలను ఆ విద్యకు పంప జంకువారు, ఆ ముంత యెవరిచేత బాలింతకు అందవలెనో ఒక్కసారి యోచింతురుగాక!