రాయికి గుంజుడు పడదు

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వచ్చినవాళ్లంతా గర్భగుడిలోని నీడ సంగతే అడుగుతారు. మండపంలో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఎందుకున్నాయని అడిగినవాళ్లు నాకు కనబడలేదు. రాయిని ఎంత నొక్కినా ఓర్చుకుంటుందని, గుంజితే మాత్రం తెగుతుందని కుందూరు చోడుల కాలపు శిల్పులకు చేతి అనుభవం మీద తెలుసు. దూలం మీద బరువు పడితే పైభాగం నొక్కుకుంటుంది, అడుగుభాగం సాగుతుంది. ఆ సాగుడు మితిమీరకూడదంటే దూలం పొట్టిగా ఉండాలి, స్తంభాలు దగ్గరికి రావాలి. వడ్డెర పనివాళ్లు బండ పగలగొట్టేదీ ఈ బలహీనతను పట్టుకునే. వరుసగా గుంటలు తొలిచి, ఇనుప చీలలు బిగించి, సమ్మెటతో కొడతారు. బండ నలిగిపోదు, రెండు పక్కలకూ గుంజుకుపోయి విచ్చుకుంటుంది.

ఈ అనుభవానికి లెక్క కట్టడానికి ప్రపంచానికి చాలా కాలం పట్టింది. 1638లో గెలీలియో దూలం ఎక్కడ, ఎంత బరువుకు విరుగుతుందని అడిగాడు. ప్రశ్న గొప్పది, జవాబు తప్పింది. దూలం కోత మొత్తం ఒకే తీరుగా సాగుతుందనుకోవడంతో అసలు బలానికి మూడింతలు వచ్చింది. పదార్థం ఎలా సాగుతుందో తెలియకుండా ఎలా విరుగుతుందో చెప్పలేం. సాగుడు బలాన్ని బట్టే ఉంటుందని రాబర్ట్ హుక్ 1676లో అక్షరాలు తారుమారు చేసి దాచిపెట్టాడు, 1678లో విప్పి చెప్పాడు. 1807 నాటికి థామస్ యంగ్ పేరుతో గుణకం వచ్చింది. ఇంటర్ పుస్తకంలో ఈ కథ ఇక్కడే ఆగిపోతుంది. తీగ, బరువు, స్కేలు, అంతే.

తీగలో గుంజుడు ఒకే దిక్కుకు ఉంటుంది. ఆనకట్టలాంటి గుట్టంత గోడలో అలా కాదు. గోడ లోపల ఏదో ఒక చుక్కను ఊహించి దాని గుండా అడ్డంగా కోస్తే ఒక బలం, నిలువుగా కోస్తే ఒకటి, ఏటవాలుగా కోస్తే మరొకటి కనబడుతుంది. అవన్నీ ఆరు అంకెల్లో ఇముడుతాయని 1822లో కోషీ తేల్చాడు. దాన్నే మనం ప్రతిబలం అంటున్నాం. ఆరు ప్రతిబలాలు, ఆరు వికృతులు (సాగుడు కొలతలు), మూడు స్థానభ్రంశాలు (కదలికలు) కలిపి తెలియనివి 15. సమీకరణాలూ 15 ఉన్నాయి: బలాల తూకానికి 3, కదలికకూ వికృతికీ ఉన్న చుట్టరికానికి 6, హుక్ సూత్రానికి 6. పదార్థం గుణం చెప్పడానికి ఒక్క స్థిరాంకం చాలని నేవియర్, పాయిజాన్ పట్టుబట్టారు. శక్తి లెక్క వేసిన జార్జ్ గ్రీన్ 1837లో అది చాలదన్నాడు. అన్ని దిక్కులా ఒకే గుణం ఉన్న పదార్థానికి రెండు కావాలి. గ్రీన్ చదువు చాలావరకు సొంతంగా సాగింది. ఆయన తండ్రి పిండిమర నడిపేవాడు.

సమీకరణాలైతే దొరికాయి, విప్పడం కుదరలేదు. గుండ్రటి గొట్టానికి, గోళానికి, అంతులేని నేలకు జవాబులు వచ్చాయి. మలుపులు, వంపులు, సొరంగాలు ఉన్న నిజం కట్టడానికి మాత్రం రాలేదు. ఆనకట్ట ఇంజనీర్లు ఆ శాస్త్రాన్ని పక్కన పెట్టి సులువు దారి పట్టారు. గోడ బరువునూ నీటి తోపుడునూ కలిపితే వచ్చే బలం అడుగు వెడల్పులో మధ్య మూడోవంతులోనే పడాలి, అలా పడితే ఎక్కడా గుంజుడు రాదు. 1872 నాటికి రాంకిన్ ఈ మాటను గట్టిపరిచాడు. 1895 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని బూజే ఆనకట్ట తెగి 80 మందికి పైగా చనిపోయారు. నీరు గోడలోకి జొరబడి పైకి ఎత్తేస్తుందన్న లెక్క అందులో లేదు. ఆ తర్వాత మొరిస్ లెవీ గోడను చీలలాంటి త్రిభుజంగా భావించి స్థితిస్థాపకతా సమీకరణాలను నేరుగా విప్పాడు. నీటి వైపు మడమ దగ్గర రాతి మీది ఒత్తిడి అక్కడి నీటి ఒత్తిడి కన్నా తగ్గకూడదని నియమం పెట్టాడు.

నాకు ఇష్టమైన మనిషి మాత్రం లూయిస్ రిచర్డ్‌సన్. 1910లో ఆయన ఆనకట్ట కోతను గళ్లుగా గీసి, ఒక్కో గడి మూలలో అంకె రాసి, పక్క అంకెలతో సర్దుబాటు చేస్తూ పోయాడు. కూడికలు చేసేవాళ్లకు చుక్కకు ఇన్ని పెన్నీలని పీసు రేటు కట్టాడు. ప్లస్సులూ మైనస్సులూ కలగలిసిపోవడమే వాళ్లకు పెద్ద తలనొప్పి అయిందని పేపర్లో రాసుకున్నాడు. కంప్యూటర్ అంటే అప్పటికి మనిషే.

1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర నాగార్జునసాగర్ ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. కంకిపాడులో పుట్టి బర్మింగ్‌హామ్‌లో డాక్టరేట్ తెచ్చుకున్న కె.ఎల్. రావు సాగర్ డిజైన్ వెనక ఉన్న ఇంజనీర్లలో ముఖ్యులు. సిమెంటుకు కొరత, చేతులకు కొరత లేదు, అందుకే రాతి కట్టడం. పాలమూరు కూలీలు తట్టల్లో మోసిన రాయి, మాలు 409 అడుగుల గోడ అయింది. ఆ తరం చేతిలో ఉన్నవి స్లైడ్‌రూలు, మధ్య మూడోవంతు, లెవీ నియమం. లెక్క చిన్నదే. 100 మీటర్ల నీరు నిలిస్తే అడుగున చదరపు మీటరుకు 100 టన్నుల ఒత్తిడి. మీటరు వెడల్పు గోడ మీద మొత్తం తోపుడు 5,000 టన్నులు. దాన్ని ఆపాల్సింది గోడ బరువే.

సరిగ్గా అదే కాలంలో అమెరికాలో రిచర్డ్‌సన్ గళ్లకు కొత్త రూపం వచ్చింది. త్రిభుజాల ముక్కలతో లెక్క చేయొచ్చని 1943లోనే కూరాంట్ చూపినా ఎవరూ పట్టించుకోలేదు. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ విమానం రెక్కను ముక్కలు చేశారు. 1960లో క్లఫ్ దానికి ‘ఫైనైట్ ఎలిమెంట్’ అని పేరు పెట్టాడు. ఒక్కో త్రిభుజం లోపల కదలిక సరళరేఖలా ఉంటుందనుకుంటే కోషీ వికృతులు, హుక్ సూత్రం కలిసి ఆ ముక్క బిగువును ఒక మాత్రికగా ఇస్తాయి. ముక్కలన్నిటినీ మూలల దగ్గర కలిపి కుడితే గోడ అవుతుంది. 15 సమీకరణాలు ఎక్కడికీ పోలేదు, ప్రతి ముక్కలో కూర్చున్నాయి. ఈ పద్ధతి రెక్క దిగి నేల మీద పరీక్షకు నిలిచిన తొలినాళ్ల పెద్ద కట్టడం ఆనకట్టే. అమెరికాలో నార్‌ఫోర్క్ ఆనకట్ట కడుతున్నప్పుడే నిలువుగా బీట వేసింది. 1962లో క్లఫ్, విల్సన్ దాన్ని పునాది రాతితో సహా ముక్కలు చేసి చూశారు.

1967 ఈ కథకు కీలకమైన ఏడాది. ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. జెన్‌కీవిచ్ రాసిన తొలి ఫైనైట్ ఎలిమెంట్ పుస్తకం అదే ఏడు వచ్చింది. డిసెంబర్ 11న మహారాష్ట్రలో కొయనా భూకంపం వచ్చింది. అక్కడి 103 మీటర్ల ఆనకట్ట కూలలేదు గాని, పైనుంచి సుమారు 36 మీటర్ల దిగువన, వెనక వాలు ఉన్నట్టుండి మారే చోట బీటలు వేసింది. భూకంపానికి ఎత్తు పొడుగునా ఒకే గుణకం పెట్టుకున్న పాత లెక్క ఆ చోటును పట్టలేదు. చోప్రా, చక్రవర్తి 1973లో ఫైనైట్ ఎలిమెంట్లతో చేస్తే గుంజుడు సరిగ్గా అక్కడే తేలింది. ఈ లెక్క చేసే సాఫ్ట్‌వేర్లు చాలా నేటికీ కొయనా మీద పరీక్షకు కూర్చుంటాయి. కొయనా నది కరాడ్ దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ నీళ్లే జూరాల దాటి, శ్రీశైలం నింపి, సాగర్ గోడను తోస్తాయి.

ఆ తర్వాత ఈ శాస్త్రం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, వాటి అట్టల మీద తెలుగు పేర్లు బాగానే కనిపిస్తాయి. వరంగల్‌లో పుట్టి ఉస్మానియాలో చదివిన జె.ఎన్. రెడ్డి పుస్తకం 1984లో వచ్చింది. వరంగల్ ఆర్‌ఈసీలో చదివిన చంద్రుపట్ల మరొకరితో కలిసి 1991లో రాశారు. గుడివాడ నుంచి వెళ్లిన అట్లూరి సత్యనాథం అసలు ముక్కలే లేని పద్ధతి మీద 1998లో పని ప్రకటించారు.

నేడు ల్యాప్‌టాప్‌లో రంగుల చిత్రం పది నిమిషాల్లో వస్తుంది. చిక్కు గోడ మడమ దగ్గరే. గోడా పునాదీ కలిసే ఆ మూలలో స్థితిస్థాపకత ప్రకారం ప్రతిబలానికి హద్దే లేదు. త్రిభుజాలను సన్నం చేసేకొద్దీ అంకె పెరుగుతూనే ఉంటుంది. సమీకరణాల స్వభావం తెలిసినవాడు ఆ ఎర్రరంగును చూసి బెదరడు. తెలియనివాడు రిపోర్టు రాసేస్తాడు. అలాంటి రిపోర్టులు నేను చూశాను.

2009 అక్టోబర్‌లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి, నీరు 885 అడుగుల పూర్తి మట్టం దాటి మరో 10 అడుగులకు పైగా ఎక్కింది. లోతు 100 మీటర్లనుకుందాం, అది 103 అయితే తోపుడు 6 శాతం పెరుగుతుంది. గోడను బోర్లించే భ్రామకం లోతు ఘనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది 9 శాతం పెరుగుతుంది. ఈ రెండు అంకెలకు కంప్యూటర్ అక్కర్లేదు, సిగరెట్ పెట్టె వెనక చాలు. ఆ 9 శాతం గోడలో ఎక్కడికి పోయి కూర్చుందని ఎవరైనా అడిగితే మాత్రం త్రిభుజాలు గీయక తప్పదు.