రోలా మర్రిచెట్టు నుంచి ఫీడ్ రీడర్ దాకా

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిన సంగతినే చదువుకునేవాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నా.

షార్జాలో ఉన్నోళ్ళకి రోలా గురించి చెప్పక్కర్లేదు. సెలవు రోజు సాయంత్రం అక్కడ నిలబడితే ఏదో ఒక మూల నుంచి తెలుగు వినపడుతుంది. కానీ ఆ పేరు ఒక చెట్టుదని చాలామందికి తెలీదు. రోలా అంటే ఇక్కడివాళ్ళ మాటలో మర్రి. 19వ శతాబ్దంలో నాటిన ఆ చెట్టు నీడన జనం చేరేవారు, పండగలకి పిల్లలు ఉయ్యాలలూగేవారు. 1978లో అది కూలిపోయింది. చెట్టు పోయినా, కబుర్ల కోసం జనం అక్కడికి రావడం మాత్రం ఆగలేదు.

నేను 2005లో వచ్చా. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసిన మనిషిని, అప్పటికి కంప్యూటర్ కొత్త. శుక్రవారం రోలాకి వచ్చి ఇంటర్నెట్ కేఫ్‌లో గంటకి డబ్బు కట్టి కూర్చునేవాణ్ణి. ఒక్కో తెలుగు పేపరుకి ఒక్కో ఫాంటు. ఒక సైటు తెరుచుకుంటే ఇంకోటి గజిబిజిగా కనపడేది. తీరా తెరిస్తే పోయినవారం చదివిందే ఉండేది. గంటలో సగం అలా వెతకడానికే పోయేది.

పక్క కుర్చీలో కూర్చునే ఒక తమ్ముడు ఒకరోజు గూగుల్ రీడర్ చూపించాడు. "అన్నా, నువ్వు సైట్ల చుట్టూ తిరగొద్దు. కొత్తది రాగానే అదే నీ దగ్గరికి వస్తది" అన్నాడు. అది 2005 అక్టోబర్లో మొదలైన ఉచిత సర్వీసు. దాని వెనక ఉన్నది ఆర్‌ఎస్‌ఎస్. ఆ పేరు వినగానే మనూళ్ళో సంఘం గుర్తొస్తుంది గానీ ఇది వేరు. 1999 మార్చిలో నెట్‌స్కేప్ కంపెనీలో డాన్ లిబ్బీ, రామనాథన్ గుహ అనే ఇద్దరు దీన్ని తయారుచేశారు. గుహ మద్రాసు ఐఐటీలో చదివిన మనదేశపాయన.

పని చేసే తీరు చాలా తేలిక. ప్రతి సైటూ తన కొత్త శీర్షికలు, తేదీలు, లింకులు ఒక చిన్న ఫైల్లో రాసిపెడుతుంది. దాన్నే ఫీడ్ అంటారు. మన దగ్గరున్న రీడర్ అప్పుడప్పుడూ వెళ్ళి ఆ ఫైలు చూసొస్తుంది. కొత్తది ఉంటే తెచ్చి మన ముందు పెడుతుంది. మన ఫోన్ నంబరు ఆ సైటుకి ఇవ్వక్కర్లేదు. 2000 డిసెంబర్లో డేవ్ వైనర్ అనే అమెరికా ప్రోగ్రామర్ ఫీడ్‌లో ఆడియో ఫైలుని కూడా జతచేసే ఏర్పాటు చేశాడు. పాడ్‌కాస్టులు మీ ఫోనుకి చేరేది ఆ దారిలోనే.

తెలుగులోనూ దీని ఫలం చూశాం. యూనికోడ్ వచ్చాక ఫాంటుల గొడవ తగ్గింది. వీవెన్ అనే పేరుతో అందరికీ తెలిసినాయన తెలుగు టైపు చెయ్యడానికి లేఖిని, తెలుగు బ్లాగులన్నీ ఒకేచోట చూడ్డానికి కూడలి తయారుచేశారు. ఎవరు ఏ దేశంలో ఉండి రాసినా, ఫీడ్ ద్వారా ఆ శీర్షిక కూడలిలోకి వచ్చేది. తర్వాత జల్లెడ, హారం, మాలిక కూడా వచ్చాయి. పేరు చూడండి, కూడలి! మన రోలా లాంటిదే, కాకపోతే కంప్యూటర్లో.

2013 మార్చి 13న గూగుల్ రీడర్ మూసేస్తున్నామని ప్రకటించారు. జులై 1న మూతపడింది. మన జాబితా దించుకోడానికి ఇంకో రెండువారాలు, జులై 15 దాకా గడువిచ్చారు. నేనప్పుడు ఎడారిలో ఒక సైట్లో ఉన్నా. ఎండాకాలం, రాత్రి షిఫ్టు కాంక్రీటు. నోటీసు వచ్చిందని తెలిసీ తర్వాత చూద్దాంలే అనుకున్నా. గడువు దాటాక చూస్తే ఏముంది? ఏళ్ళ తరబడి కూర్చుకున్న అరవై డెబ్బై సైట్ల పేర్లు పోయాయి. తప్పు నాదే. సగం పేర్లు ఇప్పటికీ గుర్తురావు.

ఆ తర్వాత అందరిలాగే ఫేస్‌బుక్, వాట్సాప్ అన్నా. 2018లో దాని సంగతి తెలిసొచ్చింది. ఆగస్టు 1న యూఏఈలో ఆమ్నెస్టీ పెట్టారు. మా బిల్డింగ్‌లో జగిత్యాల వైపు అన్న ఒకాయన ఉండేవాడు, కంపెనీ వదిలి బయట పని చేసుకునేవాడు. మన మాటలో ఖల్లివల్లి. ఇవాళ వెళ్దాం, రేపు వెళ్దాం అంటుండగానే అక్టోబర్ 31 వచ్చేసింది. "అయిపోయింది, ఇప్పుడు పోతే జైలే" అని వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ తిరిగింది. పాపం ఆయన రూము దాటడం మానేశాడు. నిజానికి గడువు పొడిగించారు. చివరికి డిసెంబర్ 31 దాకా ఇచ్చారు. నేను అప్పటికే మళ్ళీ ఒక రీడర్ పెట్టుకుని ఇక్కడి పేపర్లు రెండు అందులో వేసుకున్నా. డిసెంబర్లో ఒక రాత్రి ఆ వార్త కనపడింది. చూపిస్తే ముందు నమ్మలేదు. తేదీ వేలుపెట్టి చదివించాక లేచాడు. ఔట్‌పాస్ తీసుకుని సంక్రాంతికి ఇంట్లో ఉన్నాడు.

ఇందులో ఆర్‌ఎస్‌ఎస్ మహిమేం లేదు. ఫీడ్ అబద్ధాన్ని నిజం చెయ్యదు. ఎవరి మాట వినాలో ముందే మనం ఎంచుకుంటాం, తేదీ వరుసలో వస్తుంది, మధ్యలో ఎవరూ ఏరిపారెయ్యరు. అంతే తేడా.

మరి ఉచిత రీడర్ ఏది పెట్టుకోవాలి? నేను మూడు చూస్తా. మొదటిది, జాబితా బయటికి తీసుకోగలమా. ఓపీఎంఎల్ అనే ఫైలుగా దించుకునే వీలుండాలి. ఆ ఫైలు ఏ రీడర్‌లో వేసినా మన సైట్లన్నీ వచ్చేస్తాయి. రెండోది, ఉచితం ఎంతవరకు. ఫీడ్లీలో డబ్బు కట్టకుండా 100 సైట్ల దాకా పెట్టుకోవచ్చు, మనకది ఎక్కువే. ఇనోరీడర్ కూడా అలాంటిదే. ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ చదివేవాళ్ళకి ఈ రెండూ నయం. మూడోది, ఖాతా అవసరమా. ఆండ్రాయిడ్‌లో ఫీడర్ అనే యాప్‌కి ఖాతా అక్కర్లేదు, అంతా మన ఫోనులోనే ఉంటుంది. ఐఫోన్ ఉన్నోళ్ళకి నెట్‌న్యూస్‌వైర్. 2002లో బ్రెంట్ సిమన్స్ మొదలుపెట్టింది, చేతులు మారి 2018లో మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చింది. ఇప్పుడు ఉచితం, ప్రకటనలు లేవు.

మొదలుపెట్టేటప్పుడు ఐదు సైట్లు చాలు. ఇక్కడి పేపరు ఒకటి, మన జిల్లా వార్తలు ఇచ్చేది ఒకటి, మిగతావి మీ ఇష్టం. యూట్యూబ్ ఛానెళ్ళకి కూడా ఫీడ్ ఉంటుంది. కొన్ని సైట్లు ఇప్పుడు ఫీడ్ ఇవ్వడం మానేశాయి, వాటి దగ్గరికి పాతకాలంలా మనమే వెళ్ళాలి.

పాస్‌పోర్టు ఇంకొకరి దగ్గర ఉంటే ఎంత ఇబ్బందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. జాబితా కూడా అంతే. నెల మొదటి రోజు జీతం ఇంటికి పంపాక ఓపీఎంఎల్ ఫైలు దించి నాకు నేనే మెయిల్ చేసుకుంటా. పాస్‌పోర్టు కాపీ, వీసా కాపీ ఉన్న ఫోల్డర్‌లోనే అదీ ఉంటుంది. ఈ వారం సెలవు రోజున మీరూ ఒక పది నిమిషాలు కూర్చుని ఆ పని చెయ్యండి.