నేలవేము

వేపకును నేలవేమునకును చేదొక్కటియే చుట్టరికము. వేప మహావృక్షము, ఇది వానలకు మొలచి మోకాలెత్తు పెరుగు మొక్క. కాడ నాలుగు పలకలుగా నుండును, ఆకు లెదురెదురు, తెల్లని చిన్నపూలపై ఊదారంగు మచ్చలు. కులమునుబట్టి చూచిన దీనికి అడ్డసరమే దగ్గరి బంధువు.

పేరులో నొక చిక్కు కలదు. ప్రాచీన వైద్యగ్రంథములు జ్వరమునకు చెప్పిన కిరాతతిక్తము హిమాలయప్రాంతమున పుట్టు వేరొక మొక్క. అంతదూరపు సరకు మన అంగళ్లకు చేరుట కష్టమగుటచే దక్షిణదేశమున దానికి మారుగా నేలవేమును వాడుచు వచ్చిరి. భూనింబమను పేరును రెంటికిని చెల్లినది. ఒకే పేరుగల ఇద్దరు రైతుల భూములు ఒక్క పట్టాలో పడినట్లే యిదియు!

మన యానాములో 1731 మొదలు 1954 వరకు, నడుమ ఆంగ్లేయులు పలుమారు లాక్రమించినను, ఫ్రెంచివారి యేలుబడి సాగినది. ఈ దేశమందలి ఐరోపావారిలో నొకప్పుడు ప్రసిద్ధికెక్కిన 'ద్రోగ్ అమేర్', అనగా చేదుమందులో, నేలవేము చేరియుండునని పూర్వపు ఆంగ్ల వైద్యగ్రంథములు తలచినవి. మనకు చేరువనే సామర్లకోటలో 1781 నుండి 1793 వరకు పనిచేసిన విలియం రాక్స్‌బరో అను వైద్యుడు ఈ తీరపు మొక్కలను తెనుగు పేర్లతో గుర్తించి, దేశీయ చిత్రకారులచే బొమ్మలు వ్రాయించెను. 1868లో వెలువడిన ప్రభుత్వపు భారత ఔషధసంహితలో నేలవేమునకు చోటు దొరకినది. దీని చేదునకు మూలమైన ఆండ్రోగ్రాఫోలైడును 1911లో గోర్టర్ అను శాస్త్రజ్ఞుడు వేరుచేసెను.

పెద్దలు దీని కషాయమును జ్వరమునకును, ఆకురసమును పిల్లల కడుపులోని పురుగులకును ఇచ్చెడివారు. వంగదేశమున ఆకురసమునకు ఏలకులు, లవంగములు చేర్చి 'ఆలుయి' యను గృహౌషధము చేయుదురు. జ్వరము విడిచినపిమ్మట ఆకలి పుట్టుటకును ఇది మంచిదని వాడుక.

2012లో డెంగీ ప్రబలినపుడు తమిళనాట తొమ్మిది ద్రవ్యముల నేలవేము కషాయమును ప్రభుత్వమే పంచినది. అది డెంగీని మాన్పునని నేటికిని నిశ్చయముగా రుజువు కాలేదు. ఇచట పాఠకులు ఒక సంగతి గమనింపవలెను. డెంగీలో అపాయము తరచుగా జ్వరము దిగునపుడే మొదలగును. సరిగా ఆ దినముననే "కషాయము పనిచేసినది" అని ఇంటివారు నిశ్చింత పడుదురు. కడుపునొప్పి, మానని వాంతులు, చిగుళ్లనుండి రక్తము, ఒడలు చల్లబడుట కనబడిన గడియయైనను ఆగక ఆసుపత్రికి పోవలెను. కషాయము త్రాగుచున్న సంగతియు వైద్యునికి చెప్పవలెను. గర్భిణులకు నేలవేము ఈయరాదు.