అంకె నుండి అక్షరానికి: తెలుగు సంఖ్యావాచకాలు – ప్రోగ్రాం రచన

కాలాన్ని, మొత్తాన్ని మాటల్లో నమోదు చేసే ఆచారం ప్రాచీనమైనది. రెండవ పులకేశి ఐహొళె శాసనం (క్రీ.శ. 634-35) శక సంవత్సరం 556ను పదాలలోనే తెలుపుతుంది. వలస పాలనలో మాటకు చట్టబలం చేకూరింది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాలలో రాసిన మొత్తమే చెల్లుతుంది. కనుక చెక్కుపై అంకెలను మాటలుగా మార్చే ప్రోగ్రాం పొరపడితే అది భాషాదోషంగానే మిగలదు.

ఇంగ్లీషు ప్రోగ్రాం నమూనా తెలుగుకు చాలదు. అందులోని మూడేసి స్థానాల విభజన లక్షలు, కోట్ల లెక్కకు పొసగదు. పైగా 100 ‘నూరు’, 101 ‘నూట ఒకటి’. 200 ‘రెండు వందలు’, 205 ‘రెండు వందల అయిదు’. తరువాతి స్థానాలన్నీ సున్నాలేనా అని పరీక్షించాకే పదరూపం తేలుతుంది. పదపట్టికకు వ్యాకరణ సూత్రం తోడైనప్పుడే ప్రోగ్రాం తెలుగు రాస్తుంది.