లేఅవుట్ వస్తే మనల్ని అడుగుతారా?



మన కోటకు దక్షిణాన ఉన్న శ్రీహరికోటలో యానాది పెద్దలు అడవినే నమ్ముకుని బతికారు. 1835లో మద్రాసుకు వంటకట్టెల కోసం కంపెనీ సర్కారు ఆ అడవిని చేతిలోకి తీసుకుంది. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవినే ఎంచుకున్నారు. చాలా కుటుంబాలు ఊళ్లు వదిలి బయటికి రావాల్సి వచ్చింది. ముందు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలన్న రూలు అప్పట్లో లేదు.

ఇప్పుడు ఉంది. సోంపేట బీలలో థర్మల్ ప్లాంటు వద్దని జనం లేచారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు పర్యావరణ అనుమతి రద్దయింది.

కానీ ఇళ్ల ప్రాజెక్టుల సంగతి వేరు. 2006 పర్యావరణ నోటిఫికేషన్ టౌన్‌షిప్పులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదంది. గిరిజన భూమిని కాపాడే 1/70 చట్టం షెడ్యూల్డ్ ఏరియాలకే, అందులో మన కోట లేదు.

మనవి తాటాకు గుడిసెలు. ఎండాకాలం ఒక్క నిప్పురవ్వ చాలు. ప్లాట్లకు ప్రహరీ కట్టి దారి మూస్తే ఫైరింజన్ ఎట్టా వస్తది? హద్దు రాళ్లు పాతాక అరిచి లాభం లేదు. పట్టా, అడంగల్ కాపీలు ఇప్పుడే తీసి పెట్టుకుందాం. మన దారి, మన శ్మశానం, మన చెరువు గట్టు గురించి గ్రామసభలో ముందే తీర్మానం రాయిద్దాం. అడగమనే రూలు లేని చోట మనమే ముందు పోయి అడగాల.